చివరి నాలుగు కాళ్ళు

ఆ వర్క్‌షాపులో ఆయన్ని అందరూ స్కేలు మాస్టారు అంటారు. ఎప్పుడు చూసినా చొక్కా జేబులో పెన్ను పక్కన ఆరంగుళాల ఉక్కు స్కేలు ఉంటుంది. కొలవకుండా ముద్ద కూడా నోట్లో పెట్టరని వెనకాల నవ్వుకుంటారు. ఆ నవ్వు ఆయన చెవిన పడుతూనే ఉంటుంది. పడినా పట్టించుకోరు, పైగా లోలోపల కాస్త మురుస్తారు కూడా. పేరున్న మనిషికి ఆ మాత్రం ఎగతాళి ఉండాలని ఆయన లెక్క.

ఆయన పనేమిటో ఒక్క ముక్కలో చెబితే ఎవరికీ అర్థం కాదు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడిపోయినా, యంత్రం మాత్రం చావకుండా నడుస్తూ ఉంటుందే, అలాంటివాటి బోర్డు కాలిపోతే కొత్త బోర్డు గీసి ఇచ్చే చోటు అది. పాత లిఫ్టులు, పాత నేత మిషన్లు, పాత తూకం యంత్రాలు వస్తుంటాయి. బోర్డు మీద కూర్చునే ప్రతి చిప్పుకీ కాళ్ళుంటాయి. ఆ కాళ్ళు ఆనడానికి బోర్డు మీద రాగి మచ్చలుండాలి. ఏ మచ్చ ఎక్కడ, ఎంత వెడల్పు, ఎంత ఎడం అని గీసే పటాన్ని ఆ పనివాళ్ళు ఫుట్‌ప్రింట్ అంటారు. మామూలు చిప్పులకి అవి ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. కాళ్ళు లోపలికి ముడుచుకున్నవాటికీ, అసలు కాళ్ళే లేక పొట్ట కింద గుండ్లున్నవాటికీ, ఊరూ పేరూ లేని అవతారాలకీ ఎవరూ గీసి పెట్టరు. వాటి ఫుట్‌ప్రింట్ల కోసం వెతకడం, దొరక్కపోతే గీయడం, ఇదీ స్కేలు మాస్టారి బతుకు. ఇరవై ఆరేళ్ళలో నాలుగువందల పదమూడు గీశారు. ఒక్కటీ తప్పు పోలేదని ఆయన మాట. ఆ మాట నిజమే, మొన్నటిదాకా.

ఆయనకో పద్ధతి ఉంది. గీసిన పటాన్ని కాగితం మీద అసలు కొలతలో ప్రింటు తీస్తారు. పటం పక్కనే సరిగ్గా వంద మిల్లీమీటర్ల గీత ఒకటి పెడతారు. ముందు ఉక్కు స్కేలుతో ఆ గీతను కొలుస్తారు, ప్రింటరు ఎక్కడైనా కురచ చేసిందేమోనని. ఆ తర్వాతే చిప్పును తెచ్చి కాగితం మీద కూర్చోబెట్టి, భూతద్దంలోంచి ఒక్కో కాలూ తన మచ్చ మీద ఉందో లేదో చూస్తారు. ముందు గీత, తర్వాత చిప్పు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు చెప్పే పాఠం ఇదే. వాళ్ళు చెవికెక్కించుకోకపోతే ఎదురుగా నిలబెట్టి మరీ చెబుతారు.

ఆ ఉక్కు స్కేలు వదిన కొనిపెట్టింది. ఆయన టెక్నికల్ స్కూల్లో చేరిన ఏడాది. తల్లి లేని ఇంట్లోకి కొత్త కోడలిగా వచ్చి, పద్నాలుగేళ్ళ మరిదికి జ్వరమొస్తే తడిగుడ్డ వేసి, పరీక్షలొస్తే తెల్లవారుజామున లేపి, ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే చేసిన మనిషి. ఇప్పటికీ ఆయన్ని చిన్నబ్బాయ్ అనే పిలుస్తుంది. ఆయనకి యాభై దాటింది, జుట్టు సగం నెరిసింది, అయినా ఆ ఇంట్లో చిన్నబ్బాయే.

అన్నయ్యకి కండరాలు ఒక్కొక్కటే సడలిపోయే జబ్బు. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, చివరికి ఊపిరి పీల్చే కండరాలు. మూడేళ్ళుగా గొంతులో గొట్టంతో, మంచం పక్కన ఊపిరి యంత్రంతో ఉన్నాడు. ఓ ఆస్పత్రిలో వాడి వాడి పక్కన పెట్టిన పాత యంత్రం అది. దాన్ని చూసుకునేది వదిన ఒక్కతే. నీళ్ళు మార్చడం, గొట్టం కడగడం, కఫం తీయడం, అంతా ఆమె చేతి మీదే. యంత్రం నుంచి వచ్చే గొట్టం ఊడినా గాలి ఒత్తిడి పడిపోయినా బజర్ రెండు నిమిషాలు మోగి దానంతటదే ఆగిపోతుంది. ఆ కూత వింటే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది. ప్రతి ఆదివారం ఉదయం ఒక్క క్షణం గొట్టం తీసి, బజర్ మోగిందో లేదో చూసి, క్యాలెండర్ మీద టిక్కు పెడుతుంది.

ఓ రోజు ఆ యంత్రం లోపలి బోర్డు కాలిపోయింది. ఆస్పత్రివాళ్ళు వేరే యంత్రం అరువిచ్చారు, పదిహేను రోజులకే. దాని కోసం వరసలో ఇంకా మనుషులున్నారు, ఆలస్యమైతే కుదరదని ముందే చెప్పారు.

స్కేలు మాస్టారు కాలికి బలపం కట్టుకుని తిరిగారు. కాలిన చిప్పు లాంటిది ఎక్కడా లేదు. దాన్ని చేయడం మానేసి పద్దెనిమిదేళ్ళయింది. చివరికి ఓ పాత సామాన్ల కొట్లో అదే చిప్పు వేరే అవతారంలో దొరికింది. వేలెడు పొడవు, ఒక్కో వైపు ముప్పై రెండు చొప్పున అరవై నాలుగు కాళ్ళు. దాన్ని చూసి పక్క బల్ల మీద పనిచేసే టంకమ్మ జెర్రి అని పేరు పెట్టింది. చిప్పు కాళ్ళని బోర్డుకి అతికే టంకం వేయడంలో ఆమెను మించినవాళ్ళు లేరు కాబట్టి ఆమె టంకమ్మ. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంటుంది, ఎవరూ వాడరు.

జెర్రికి కొలతల కాగితం దొరికింది గానీ, కొలతలున్న చివరి పేజీ లేదు. ఎవరో స్కాన్ చేసేటప్పుడు దాన్నే వదిలేశారు. వెతగ్గా వెతగ్గా, ముక్కూ మొహం తెలియని ఎవరో నెట్‌లో పెట్టిన ఫుట్‌ప్రింట్ ఒకటి కనబడింది. దాని కొలతలతోనే గీశారు. కింద ముగ్గురు బాగుంది, పనిచేస్తోంది అని రాశారు. ఆ ముగ్గురి దగ్గరున్నది ఏ జెర్రో ఎవరికి తెలుసు? కాళ్ళ మధ్య ఎడం విషయంలో రెండు రకాల ఫ్యాక్టరీలున్నాయి. అంగుళాల లెక్కలో చేసేవాళ్ళ ఎడం ఒక మిల్లీమీటరు మీద ఇరవై ఏడు వందో వంతులు. మిల్లీమీటర్ల లెక్కలో చేసేవాళ్ళది ఇరవై అయిదు. తేడా వెంట్రుక మందం కూడా లేదు. కానీ వరసలో ముప్పై రెండు కాళ్ళున్నప్పుడు ఆ తేడా పోగవుతుంది. చివరికొచ్చేసరికి కాలు మచ్చ మీంచి పక్కకి జరిగిపోతుంది.

ఈ అనుమానం ఆయనకి రాలేదా అంటే, వచ్చింది. అది తీర్చుకోవడానికే కాగితం మీద ప్రింటు తీశారు. ఆ రోజు తన గది ప్రింటర్‌లో ఇంకు లేదు. యజమాని గదిలోకి వెళ్ళి అక్కడి ప్రింటర్‌లో తీసుకొచ్చారు. జేబులోని ఫోన్ అప్పటికి రెండుసార్లు మోగింది. యంత్రం ఎప్పుడు తిరిగిస్తారని ఆస్పత్రివాళ్ళు. ఆ కంగారులో కాగితం బల్ల మీద పరుస్తూనే జెర్రిని తీసి దాని మీద పెట్టారు. అచ్చు గుద్దినట్టు కూర్చుంది. మొదటి కాలు నుంచి ముప్పై రెండో కాలు దాకా ఒక్కటీ అటూ ఇటూ కాలేదు. ఆయన మనసు తేలికపడింది. ఇంత బాగా కుదిరినదాన్ని ఇంకా కొలవడమెందుకు అనిపించింది. స్కేలు జేబులోనే ఉండిపోయింది.

వారానికి బోర్డు వచ్చింది. అరువు గడువు ఇంకా ఒక్కరోజే ఉంది. టంకమ్మ జెర్రిని బోర్డు మీద పెట్టి, భూతద్దం దించుకుని, చాలాసేపు కదలకుండా చూసింది. తర్వాత ఆయన్ని పిలిచింది.

"చివరి కాళ్ళు లోపలికి పోతున్నాయి మాస్టారూ. నాలుగు మూలలా సగమే ఆనుతోంది."

ఆయన వంగి చూశారు. చూసినదాన్ని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. కాగితం మీద చూశాను, గీత తేడా లేకుండా సరిపోయింది, బోర్డు తయారీలో ఏదో కాస్త అటూ ఇటూ అయ్యుంటుంది, టంకం కాస్త ఎక్కువ వెయ్యి అన్నారు.

"కాగితం సంగతి నాకు తెలీదు, ఇది బోర్డు. టంకంతో కప్పొచ్చు మాస్టారూ, కానీ అది అతుకు కాదు. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, ఎప్పుడో విడిపోద్ది. ఆ నాలుగు కాళ్ళకీ సన్న తీగలు కట్టేస్తాను. గంట పని."

ఆ గంట ఆయనకి లేక కాదు. తీగలు కట్టిన బోర్డంటే ఆ పనిలో అందరికీ తెలుసు, గీసినవాడు తప్పు గీశాడని అర్థం. నాలుగువందల పదమూడింటి తర్వాత, సొంత అన్నయ్య కోసం గీసిన నాలుగువందల పద్నాలుగోదాని మీద అతుకుల తీగలా? అక్కర్లేదన్నారు. ఆమె మళ్ళీ చెప్పబోయింది. నా బోర్డు సంగతి నాకు తెలుసమ్మా అన్నారు, కాస్త గొంతు పెంచే అన్నారు. గదిలో నలుగురూ తలెత్తి చూశారు.

"సరే. మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అని టంకమ్మ టంకం కడ్డీ వేడి చేసుకుంది.

సాయంత్రానికి యంత్రం ఊపిరి పోసుకుంది. గొట్టం తీస్తే బజర్ గోలగోలగా మోగింది. మర్నాడు అన్నయ్య దానితో ఊపిరి పీలుస్తూ, మాట రాదు కాబట్టి, కళ్ళు రెండుసార్లు మూసి తెరిచాడు. ఆ ఇంట్లో అది మెచ్చుకోలు. వదిన, చూశావా మీ తమ్ముడు అంది భర్తతో. స్కేలు మాస్టారి గుండె ఇంతైంది. మర్నాడు వర్క్‌షాపులో టంకమ్మ బల్ల పక్కనుంచి రెండుసార్లు అనవసరంగా తిరిగారు కూడా.

నాలుగు నెలలు గడిచాయి. వదిన క్యాలెండర్ మీద ఆదివారాలన్నిటికీ టిక్కులు పడ్డాయి.

ఓ బుధవారం పగలు పదకొండింటికి వదిన ఉతికిన బట్టలు తీసుకుని మేడ మీదికి వెళ్ళింది. రోజూ వెళ్ళేదే. గది తలుపూ మెట్ల తలుపూ బార్లా తీసి పెట్టే వెళుతుంది. పైనున్నా బజర్ వినబడుతుందని ఎప్పుడో పరీక్ష చేసుకుంది. పన్నెండు నిమిషాల్లో దిగొచ్చింది. అన్నయ్య దగ్గాడో ఏమో, గొట్టం ఊడి దిండు పక్కన పడి ఉంది. యంత్రం ఖాళీ గాలిని దిండు మీదికి ఊదుతూ ఉంది. అన్నయ్య కళ్ళు తలుపు వైపే ఉన్నాయి.

అంతా అయ్యాక, ఆ మర్నాడు, ఇల్లంతా మనుషులతో నిండి ఉండగా వదిన ఆయన్ని దగ్గరికి పిలిచింది. చిన్నబ్బాయ్, ఆ బజర్ పనిచేస్తోందేమో ఒక్కసారి చూడు అని అడిగింది. రాత్రంతా ఆపేసి ఉన్న యంత్రాన్ని ఆయన వేసి, ఒక నిమిషం నడిపి, గొట్టం తీశారు. బజర్ వీధి చివరిదాకా వినబడేట్టు మోగింది. గదిలో అందరూ ముందు యంత్రాన్ని, తర్వాత వదినని చూశారు.

"నాకు వినబడలేదు" అంది వదిన.

ఎవరూ ఆమెను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పాపం మూడేళ్ళుగా అలిసిపోయింది, ఏదో ధ్యాసలో ఉండుంటుంది అని తలుపుల చాటున జాలిపడ్డారు. అన్నయ్య కూతురు మాత్రం తల్లి మొహం చూడటం మానేసింది. మేడ మీద తీగకి ఆ బుధవారం ఆరేసిన బట్టలు అలాగే ఉండిపోయాయి. వాటిలో అన్నయ్య చొక్కాలు మూడు. ఎవరైనా తీయబోతే వదిన వద్దనేది. ఎండకి ఎండి, వానకి తడిసి, మళ్ళీ ఎండి, పదకొండు రోజులు అక్కడే వేలాడాయి.

ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేశారు. ఎవరో ముసలావిడకి అవసరం పడింది, ఆ యంత్రం ఇస్తారా అని. ఇస్తామన్నారు మాస్టారు. ఇచ్చేముందు పరీక్ష చేయాలి కదా, వర్క్‌షాపుకి తెచ్చి, మూత బిగించి, గంటసేపు నడవనిచ్చారు. గంట తర్వాత గొట్టం తీశారు.

బజర్ మోగలేదు.

ఆయన గొట్టం పెట్టి మళ్ళీ తీశారు. లేదు. మూత విప్పారు. లోపల్నుంచి వేడి మొహానికి కొట్టింది. బల్ల మీది పెన్సిల్ తీసుకుని దాని మొనతో జెర్రి మూల మీద, ముప్పై రెండో కాలి మీద, నెమ్మదిగా నొక్కారు. బజర్ గట్టిగా మోగింది. పెన్సిల్ తీశారు. ఆగిపోయింది. నొక్కారు, మోగింది. తీశారు, ఆగింది. ఆ గదిలో మిగతా పనులన్నీ ఆగిపోయాయి. టంకమ్మ తన బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చి, తన భూతద్దం ఆయన ముందు పెట్టి వెళ్ళిపోయింది.

అద్దంలో చూస్తే టంకం గుట్టలో జుట్టంత పగులు. వేడెక్కితే తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. చల్లగా ఉన్న యంత్రాన్ని ఒక్క నిమిషం నడిపి, పదిమంది ముందు బజర్ మోగించి చూపించింది తనే. ఆదివారాలు వదిన చూసింది కూడా నీళ్ళు మార్చడానికి యంత్రం ఆపి, అంతసేపూ చేత్తో నొక్కే రబ్బరు సంచితో ఊపిరి అందించి, మళ్ళీ వేసిన వెంటనే.

ఆయన ఏ కాగితమూ పారేసే మనిషి కాదు. ఫైల్లోంచి జెర్రి ప్రింటు తీశారు. జేబులోంచి స్కేలు తీసి వంద మిల్లీమీటర్ల గీత మీద పెట్టారు. తొంభై ఎనిమిదిన్నర కూడా లేదు. యజమాని గది ప్రింటరు, పేజీలో పట్టడానికి, పటాన్ని మొత్తం ఆ కాస్తా కురచ చేసింది. ఇరవై ఏడు వందో వంతులుగా గీసిన ఎడం కాగితం మీద సరిగ్గా ఇరవై అయిదైంది, జెర్రి అసలు ఎడం అదే. అందుకే ఆ రోజు జెర్రి అంత అందంగా కూర్చుంది. తప్పు పటానికి తప్పు ప్రింటరు తోడై ఒప్పులా కనబడింది. ఆయన స్కేలు తీసి పక్కన పెట్టి, కుర్చీలో కూలబడ్డారు.

టంకమ్మ ఆ మధ్యాహ్నం ఒకే మాట అంది. నేను ఎవరికీ చెప్పను మాస్టారూ, మీరు మాత్రం ఆవిడకి చెప్పండి అంది.

ఆయన వెంటనే వెళ్ళలేదు. వెళ్ళారని రాస్తే బాగుంటుంది గానీ, వెళ్ళలేదు. రెండు రోజులు తనకి తను కథలు చెప్పుకున్నారు. పోయినవాడు తిరిగిరాడు కదా. ఇప్పుడు చెబితే వదినకి కొత్తగా ఇంకో గాయం తప్ప ఏముంది? ముందు టంకమ్మ చెప్పిన నాలుగు తీగలూ కట్టించి, మళ్ళీ గంటల తరబడి నడిపించి చూసి, ఆ ముసలావిడకి యంత్రం పంపించారు. తీగలు కట్టడం గంట పనే అయింది. ఆ పని చేస్తున్నంతసేపూ టంకమ్మ తలెత్తలేదు, ఆయన పక్కన నిలబడలేకపోయారు.

మూడోరోజు సాయంత్రం వదినని చూసి రావడానికి వెళ్ళారు. చెప్పడానికి కాదు, ఊరికే. వరండాలో అన్నయ్య కూతురు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. ఆమెకి ఆరు నెలల బిడ్డ. మళ్ళీ ఉద్యోగంలో చేరాక బిడ్డను అమ్మమ్మ చూసుకుంటుందని ఎప్పుడో అనుకున్నారు. ఇప్పుడు పిల్లల్ని చూసే చోటు ఏదైనా ఉందా అని అడుగుతోంది.

"అమ్మ దగ్గర వదల్లేను. కింద గదిలో నాన్న పోతుంటే వినబడలేదు. వీడు ఏడిస్తే వినబడుతుందా?"

లోపల వంటగదిలో వదిన గిన్నె కడుగుతోంది. ఆ మాట ఆమెకి వినబడింది. చేతిలో గిన్నె ఆగి, మళ్ళీ కదిలింది. అది ఆయన చూశారు.

తిరిగి వర్క్‌షాపుకెళ్ళి ఆ కాగితం తెచ్చారు. వదినని బల్ల దగ్గర కూర్చోమన్నారు. కాగితం పరిచి, దాని మీద ఉక్కు స్కేలు పెట్టి, మొదటినుంచి చెప్పారు. గీత కొలవకపోవడం, చల్లటి యంత్రం, వేడి యంత్రం, పెన్సిలు మొన, అన్నీ. కూతురు బిడ్డను భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వదిన చివరిదాకా అడ్డం రాకుండా వింది.

"అయితే అది మోగలేదు."

"మోగలేదు వదినా."

"నేను వినకపోవడం కాదు."

"కాదు."

ఆమె కాగితం మీది గీతను వేలితో తడిమింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. తర్వాత అడిగింది, "ఇంతమంది పనిచేసే చోట ముందే ఎవరూ చూడలేదా?"

అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి అవకాశమని ఆయనకి తెలుసు. ఆమె తల ఊపి ఊరుకునేదని కూడా తెలుసు.

"చూశారు. టంకం వేసే ఆవిడ చెప్పింది. గంటలో సరిచేస్తానంది. నేనే వద్దన్నాను."

"ఎందుకు?"

"బోర్డు మీద తీగలు కడితే నేను తప్పు గీశానని అందరికీ తెలుస్తుందని."

వదిన లేచింది. ఎవరి వైపూ చూడకుండా మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళింది. ఒక్క క్షణం తటపటాయించి, కూతురు బిడ్డను ఎత్తుకునే ఆమె వెనకే వెళ్ళింది. ఆయన బల్ల దగ్గరే ఉండిపోయారు. పైనుంచి తీగ ఊగిన చప్పుడు, క్లిప్పులు డబ్బాలో పడుతున్న చప్పుడు ఒక్కొక్కటే వినబడ్డాయి. మేడ మీది చప్పుళ్ళు కిందికి ఇంత బాగా వినబడతాయని ఆయనకి అప్పుడే తెలిసింది.

వదిన బట్టలన్నీ తెచ్చి బల్ల మీద వేసి మడతపెట్టింది. అన్నయ్య చొక్కాలు మూడూ ఎండకి భుజాల దగ్గర వెలిసిపోయాయి. వాటిని విడిగా పెట్టింది. కాగితాన్ని మడిచి ఆయన చేతికిచ్చింది. ఉక్కు స్కేలు మాత్రం ఇవ్వలేదు. దాన్ని అరచేత్తో ఒకసారి తుడిచి, కత్తెర, దారపు ఉండలు ఉండే సొరుగులో పెట్టి, సొరుగు మూసేసింది.

"వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరికి వేసి వెళ్ళు చిన్నబ్బాయ్" అంది.

ఆయన తలుపు వేసి వరండా మెట్లు దిగారు. వీధిలోకి వచ్చాక, అలవాటు కొద్దీ చెయ్యి జేబు మీదికి పోయింది.